యూరప్‌లో బతికిచెడ్డ ఊళ్ళను ఎలా చూడాలి

యూరప్‌లో పెద్దగా ఎవరూ పట్టించుకోని ఊరు చూద్దామనుకుంటే చాలామంది ముందు చేసే పని "హిడెన్ జెమ్స్" అని వెతకడం. ఆ లిస్టుల్లో ఊళ్ళు అందంగానే ఉంటాయి, ఫొటోలు బాగా వస్తాయి, కానీ తీరా వెళ్ళాక రెండు గంటల్లో అంతా చూసేసి, ట్రైన్ టైమయ్యే దాకా కాఫీ తాగుతూ కూర్చోవాల్సి వస్తుంది. చరిత్ర కోసం వెళ్ళేవాళ్ళు ఊరిని ఎంచుకునే పద్ధతే వేరుగా ఉండాలి. నేను చూసేది ఒక్కటే, ఆ ఊరు బతికిచెడ్డదా కాదా అని. ఒకప్పుడు దండిగా డబ్బు చూసి, తర్వాత ఏదో కారణంతో పూలమ్మిన చోటే కట్టెలమ్ముకున్న ఊళ్ళుంటాయి చూడండి, అవి. డబ్బున్న రోజుల్లో వాళ్ళు పెద్ద పెద్ద చర్చిలు, కోటలు, మేడలు కట్టుకున్నారు, డబ్బు పోయాక వాటిని పడగొట్టి కొత్తవి కట్టే స్తోమత లేక పాతవాటిలోనే సర్దుకున్నారు. బాగా కలిసొచ్చిన ఊళ్ళేమో తమ పాత రూపాన్ని తామే పడగొట్టుకున్నాయి.

కాబట్టి ఏ ఊరికి వెళ్ళినా రెండు ప్రశ్నలు పట్టుకుని వెళ్ళండి. ఇక్కడికి డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? ఎప్పుడు, ఎందుకు ఆగిపోయింది? ఈ రెండూ తెలిస్తే ఊళ్ళో కనిపించే సగం విషయాలు వాటంతటవే అర్థమవుతాయి.

చెక్ రిపబ్లిక్‌లో కుత్నా హోరా ఉంది. ప్రాగ్ నుంచి ట్రైన్‌లో గంట దూరం. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఊరి అంచున సెడ్లెత్స్ అనే చోట మనుషుల ఎముకలతో అలంకరించిన చాపెల్ చూసి అటునుంచి అటే వెనక్కి వెళ్ళిపోతారు. అసలు ఊరు లోపలుంది. ఇక్కడ వెండి దొరికింది. 1300లో రాజు రెండో వాత్స్లావ్ ఇటలీ నుంచి నిపుణుల్ని రప్పించి ఇక్కడే ప్రాగ్ గ్రోషెన్ అనే వెండి నాణేలు ముద్రించడం మొదలుపెట్టాడు, ఆ టంకశాలను ఇప్పటికీ ఇటాలియన్ కోర్ట్ అనే పిలుస్తారు. గని కార్మికులు తమను కాపాడుతుందని నమ్మే సెయింట్ బార్బరా పేరు మీద 1388లో ఒక మహా చర్చి మొదలైంది. అది పూర్తయింది ఎప్పుడనుకున్నారు? 1905లో. మధ్యలో వెండి తగ్గిపోయింది, పని ఆగిపోయింది, కట్టినంత వరకు తాత్కాలికంగా గోడ పెట్టేసి వాడుకున్నారు. లోపలికి వెళ్తే దేవదూతల బొమ్మలతో పాటు నాణేలు కొట్టే కార్మికుల పాత కుడ్యచిత్రాలు, తెల్లచొక్కా తొడుక్కున్న గని కార్మికుడి విగ్రహం కనిపిస్తాయి. ఎవరి డబ్బుతో కట్టారో గోడల మీదే ఉంది. వెండి సంగతి తెలియకుండా చూస్తే అది ఇంకో గోతిక్ చర్చి, అంతే.

ఇటలీలో ఫెరారాది ఇంకో రకం కథ. అక్కడ గనులేవీ లేవు, ఎస్తే అనే ప్రభువుల కుటుంబం ఉండేది. వాళ్ళు కవుల్ని, చిత్రకారుల్ని పోషించారు, 1492 నుంచి ఊరిని దాదాపు రెట్టింపు చేస్తూ వెడల్పాటి కొత్త వీధులు వేయించారు. 1598లో సరైన వారసుడు లేడన్న సాకుతో పోప్ ఊరిని తన అధీనంలోకి తీసుకున్నాడు, ఎస్తే కుటుంబం సామానంతా సర్దుకుని మోదెనాకు వెళ్ళిపోయింది. అంతటితో ఫెరారా వైభవానికి తెరపడింది. ఇప్పుడు అక్కడ సుమారు తొమ్మిది కిలోమీటర్ల పాత ప్రహరీ గోడల మీద జనం సైకిళ్ళు తొక్కుతుంటారు, బోలొన్యా నుంచి రీజినల్ ట్రైన్‌లో అరగంట ప్రయాణం, అయినా బోలొన్యా దాకా వచ్చినవాళ్ళలో చాలామంది ఫ్లోరెన్స్‌కో వెనిస్‌కో ట్రైన్ ఎక్కేస్తారు.

ఊరిని వెతికి పట్టుకోవడం

యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితా నుంచే మొదలుపెట్టండి. అదేమిటి, అది అందరికీ తెలిసిందే కదా అనుకోకండి. అందులో మనం ఎప్పుడూ పేరైనా వినని చిన్న ఊళ్ళు బోలెడు ఉన్నాయి, ఒక్కోదాని పేజీలో ఆ ఊరిని ఎందుకు చేర్చారో కారణం కూడా రాసి ఉంటుంది. స్లొవేకియాలో బాన్‌స్కా ష్టియావ్నిత్సా నాకు అలాగే తగిలింది. గనుల్లో రాయి పగలగొట్టడానికి గన్‌పౌడర్‌ను మొదట వాడిన చోట్లలో అదొకటిగా పేరు, సంవత్సరం 1627. గనుల్లోకి ఊరే నీళ్ళను బయటికి తోడే యంత్రాలను నడపడానికి కొండల్లో చెరువులు తవ్వి, వాటిని కాలవలతో కలిపారు. ఆ చెరువుల్లోనే ఇప్పుడు జనం వేసవిలో ఈత కొడతారు.

ఇంకో దారి, పాత రాజధానులు వెతకడం. బెల్జియంలో మెఖెలెన్ అనే ఊరు 16వ శతాబ్దం మొదట్లో ఇప్పటి బెల్జియం, నెదర్లాండ్స్ ప్రాంతాలకు రాజధానిలా ఉండేది. ఆస్ట్రియా మార్గరెట్ అక్కడి నుంచే పాలించింది, ఆమె 1530లో చనిపోయాక దర్బారు బ్రసెల్స్‌కు మారిపోయింది. పాత బిషప్ పీఠాలున్న ఊళ్ళు, బాల్టిక్ తీరంలో హాన్సా వర్తక సంఘంలో ఉన్న రేవులు, నది ఇసుక మేట వేసి ఓడలు రాకుండా పోయిన ఊళ్ళు, పాత సరిహద్దుల మీద ఉన్న కోట ఊళ్ళు, ఇవన్నీ మంచి వేటే.

ఊరి పేరు దొరికాక వికీపీడియా పేజీని ఇంగ్లిష్‌లో చదివి ఊరుకోవద్దు. అదే పేజీని ఆ దేశపు భాషలో తెరిచి బ్రౌజర్‌లో అనువాదం పెట్టుకుని చదవండి, చాలాసార్లు అది మూడు నాలుగింతలు పెద్దదిగా ఉంటుంది. అనువాదం వంకరటింకరగా ఉన్నా విషయం దొరుకుతుంది. మధ్య యూరప్ ఊళ్ళకైతే ఒక చిట్కా: ఆర్కానమ్ మ్యాప్స్ అనే సైట్‌లో ఆస్ట్రియాను ఏలిన హబ్స్‌బర్గ్ వంశపు సామ్రాజ్యం చేయించిన సైనిక సర్వే పటాలు ఉన్నాయి, మొదటి సర్వే 1763 నుంచి 1787 మధ్య జరిగింది, వాటిని ఇవాళ్టి మ్యాప్ మీద పరిచి చూడొచ్చు. ఇప్పుడు పార్కింగ్ ఉన్నచోట అప్పట్లో కోట గోడ ఉండేదని, ఇప్పటి రింగ్ రోడ్డు ఒకప్పటి కందకమని అక్కడ తెలుస్తుంది. పోలండ్‌కి వెళ్ళేవాళ్ళు పోలిన్ మ్యూజియం నడిపే వర్చువల్ ష్టెట్ల్ సైట్‌లో ఊరి పేరు కొట్టి చూడండి, యుద్ధానికి ముందు అక్కడి యూదుల జీవితం ఎలా ఉండేదో ఊరివారీగా ఉంటుంది.

ఇంతకన్నా ఎక్కువ హోంవర్క్ వద్దు. అంతా చదివేసి వెళ్తే చదివింది ఉందో లేదో టిక్కులు పెట్టుకోవడమే అవుతుంది.

దిగగానే ఏం చేయాలి

మొదట ఎత్తుకి ఎక్కండి. చర్చి గోపురమో టౌన్ హాల్ టవరో కోటో ఏదో ఒకటి ఉంటుంది, చిన్న ఊళ్ళలో టికెట్ కూడా పెద్దగా ఉండదు. పై నుంచి చూస్తే నది ఎటు, పాత ఊరి గీత ఎక్కడ, రైల్వే స్టేషన్ ఎంత దూరం పెట్టారో ఒక్క చూపులో తెలుస్తుంది. స్టేషన్ పాత ఊరికి బాగా దూరంగా ఉంటే, 19వ శతాబ్దంలో ఆ ఊరికి పెద్ద పలుకుబడి లేదేమో అని ఒక ఊహ కట్టుకోవచ్చు. ప్రతిసారీ నిజం కాదు, కొండ అడ్డొచ్చి కూడా ఉండొచ్చు, కానీ అడగడానికి ఒక ప్రశ్న దొరుకుతుంది.

తర్వాత కిందికి దిగి గోడలు చూసుకుంటూ నడవండి. బెల్జియం, నెదర్లాండ్స్‌లో ఇంటి ముందు గోడకి బిగించిన ఇనుప కొక్కేలనే అంకెల ఆకారంలో చేయించి కట్టిన సంవత్సరం కనిపించేలా పెట్టేవాళ్ళు. జర్మనీలో పాత టౌన్ హాళ్ళ గోడలకో చర్చి ద్వారానికో కొన్నిచోట్ల ఇనుప కడ్డీలు అమర్చి ఉంటాయి, అవి బట్టల వర్తకులు వాడాల్సిన అధికారిక కొలతలు, కొన్నవాడికి అనుమానం వస్తే అక్కడే పెట్టి కొలుచుకోవచ్చు. సంత అక్కడే జరిగేదని వేరే చెప్పక్కర్లేదు. నది ఒడ్డు ఊళ్ళలో వరద గుర్తులు వెతకండి. జర్మనీలో పస్సావ్ అనే ఊరి పాత టౌన్ హాల్ గోడ మీద 1501 నాటి గీత ఉంది, దానికి దరిదాపుల దాకా మళ్ళీ 2013లో నీళ్ళు వచ్చాయి.

కిందికి కూడా చూడాలి. ఫుట్‌పాత్‌లో పది సెంటీమీటర్ల చదరపు ఇత్తడి పలకలు తాపడం చేసి ఉంటే ఆగండి. గుంటర్ డెమ్నిగ్ అనే జర్మన్ కళాకారుడు 1990లలో మొదలుపెట్టిన పని ఇది. నాజీల బారిన పడ్డవాళ్ళు ఆఖరిసారిగా తమ ఇష్టంతో ఉన్న ఇంటి ముందు వాళ్ళ పేరు, పుట్టిన సంవత్సరం, ఎక్కడికి తరలించారో, ఏమయ్యారో చెక్కి పెడతారు. 2023లో లక్షో పలక వేశారు. ఒకే గడప ముందు ఒకే ఇంటిపేరుతో నాలుగైదు పలకలు, ఆఖరి దాని మీద పుట్టిన సంవత్సరం 1938 అనో 1940 అనో కనిపిస్తే ఇక మ్యూజియంలో ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. ఫ్రాన్స్‌లో అయితే ఊరి మధ్యలో ఉండే యుద్ధ స్మారకం చదవండి. ఎంత చిన్న పల్లె అయినా దాదాపు ఉంటుంది, 1914-1918 కింద పేర్ల వరుస 1939-1945 వరుస కంటే బాగా పొడుగ్గా ఉంటుంది, ఒకే ఇంటిపేరు రెండు మూడుసార్లు వస్తుంది. ఆ పల్లెలో ఇప్పుడున్న ఇళ్ళు లెక్కేసి చూస్తే ఎంతమంది పోయారో బోధపడుతుంది.

శ్మశానాలు కూడా చూడమంటాను, కానీ జర్మనీలో మామూలు శ్మశానంలో చాలా పాత సమాధుల కోసం వెతికితే నిరాశే. అక్కడ సమాధి స్థలాన్ని సాధారణంగా ఇరవై ముప్పై ఏళ్ళకు అద్దెకు ఇస్తారు, గడువు అయిపోయాక కుటుంబం పొడిగించకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. యూదుల శ్మశానాలు అలా కాదు, ఒకసారి పూడ్చిన చోటు ఎప్పటికీ వాళ్ళదే, అందుకే శతాబ్దాల నాటి రాళ్ళు అక్కడే దొరుకుతాయి. వెళ్ళేటప్పుడు మగవాళ్ళు తల కప్పుకోవాలి, శనివారం మూసి ఉంటాయి.

ఒక ఊరిని మొత్తంగా చదవడం: గోర్లిట్స్

పద్ధతి ఎలా పనిచేస్తుందో ఒకే ఊరి మీద చూపిస్తాను. జర్మనీకి తూర్పు చివర, పోలండ్ సరిహద్దు మీద, నైసె నది ఒడ్డున ఉంది గోర్లిట్స్. డబ్బు ఎక్కడిది? పడమటి నుంచి తూర్పుకి వెళ్ళే వియా రెజియా అనే పెద్ద వర్తక మార్గం ఇక్కడ నది దాటేది, బట్టలకు నీలం రంగు వేసే వోడ్ అనే మొక్క సరుకు ఈ దారిన వెళ్తే ఇక్కడ దించి అమ్మకానికి పెట్టి తీరాలన్న హక్కు ఊరికి ఉండేది. ఆ వ్యాపారుల ఇళ్ళే ఇప్పుడు మార్కెట్ చుట్టూ కనిపించేవి, బండి సరుకుతో సహా లోపలికి వచ్చేంత పెద్ద వాకిళ్ళు, లోపల కమానులతో హాళ్ళు. వాళ్ళలో ఒక ధనవంతుడు, తర్వాత మేయర్ కూడా అయ్యాడు, గియోర్గ్ ఎమ్మెరిక్ అని, యెరూషలేము యాత్ర చేసి వచ్చాడు. అక్కడి క్రీస్తు సమాధికి నకలు ఈ ఊళ్ళో కట్టారు, 1504 నాటికి పూర్తయింది. యెరూషలేములోని అసలుది ఆ తర్వాత మళ్ళీ మళ్ళీ కట్టడంతో మారిపోయింది, కాబట్టి మధ్యయుగంలో అదెలా ఉండేదో ఊహించుకోవడానికి ఈ నకలే బాగా పనికొస్తుంది.

రెండో ప్రశ్నకి జవాబు ఒక్క మాటలో రాదు. 19వ శతాబ్దంలో ఊరు మళ్ళీ పుంజుకుంది, ఆ కాలపు నాలుగైదు అంతస్తుల ఇళ్ళు వీధుల కొద్దీ ఉన్నాయి, 1913లో కట్టిన డిపార్ట్‌మెంట్ స్టోర్ గాజు పైకప్పు చూడదగ్గది. యుద్ధంలో బాంబులు పెద్దగా పడలేదు. కానీ 1945లో నైసె నదినే సరిహద్దు చేశారు, తూర్పు ఒడ్డున ఉన్న పేటలు పోలండ్‌లో జ్గొజెలెత్స్ అనే వేరే ఊరయ్యాయి. యుద్ధం ముగిసే ముందు జర్మన్ సైన్యం పేల్చేసిన పాత వంతెనను మళ్ళీ కట్టింది 2004లో. తూర్పు జర్మనీ రోజుల్లో పాత ఇళ్ళకు రిపేర్లు చేయించే డబ్బు లేదు, పడగొట్టే డబ్బూ లేదు. జర్మనీ ఒకటయ్యాక, 1995 నుంచి 2016 వరకు పేరు చెప్పని దాత ఒకరు ఏటా పది లక్షల మార్కులు, యూరో వచ్చాక ఆ విలువకు సరిపడా పంపిస్తూ వచ్చారు, ఊళ్ళో ఎన్నో కట్టడాలు ఆ డబ్బుతో బాగయ్యాయి. ఎవరో ఈరోజుకీ బయటికి రాలేదు.

ఇక్కడి దాకా జర్మనీ ఒడ్డునే తెలుసుకోవచ్చు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. వంతెన దాటండి, పాస్‌పోర్ట్ మాత్రం జేబులో ఉంచుకోండి, రెండు దేశాలూ సరిహద్దు చెకింగ్ లేని షెంగెన్ ప్రాంతంలోనే ఉన్నా ఈమధ్య చెకింగ్‌లు ఉంటున్నాయి. దాటగానే నది ఒడ్డున యాకోబ్ బ్యోమె ఇల్లు వస్తుంది. చెప్పులు కుట్టుకుంటూ దేవుడి గురించి పుస్తకాలు రాసి చర్చి పెద్దలతో చీవాట్లు తిన్న మార్మికుడు ఆయన, 1624లో చనిపోయాడు, ఇల్లు పోలండ్‌లో, సమాధి జర్మనీలో. ఇంకొంచెం నడిస్తే గ్రీకు పేరుతో నది ఒడ్డు వీధి కనిపిస్తుంది. పోలండ్ సరిహద్దు ఊళ్ళో గ్రీకులేమిటి? గ్రీస్ అంతర్యుద్ధం ముగిశాక ఓడిన కమ్యూనిస్టుల వైపు నుంచి పారిపోయి వచ్చిన వేలమందికి ఇక్కడే ఆశ్రయం ఇచ్చారు, జర్మన్లను పంపించేయడంతో ఇళ్ళు ఖాళీగా ఉన్నాయి కదా మరి. ఊరి దక్షిణాన ఉన్న పాత యుద్ధఖైదీల శిబిరం స్థలం కూడా ఇప్పుడు పోలండ్ వైపే ఉంది. ఫ్రెంచ్ స్వరకర్త ఒలివియే మెస్సియాన్ ఖైదీగా ఉన్నది అక్కడే, 1941 జనవరి చలిలో ముగ్గురు తోటి ఖైదీలతో కలిసి తాను రాసిన సంగీతాన్ని శిబిరంలోనే మొదటిసారి వినిపించాడు.

తిరిగి జర్మనీ వైపు వచ్చాక 1911 నాటి సినగాగ్‌కి, అంటే యూదుల ప్రార్థనా మందిరానికి వెళ్ళండి. 1938 నవంబర్‌లో జర్మనీ అంతటా సినగాగ్‌లు తగలబడుతున్నప్పుడు ఇక్కడ ఫైర్ సిబ్బంది మంటలు ఆర్పేశారు, భవనం మిగిలింది, 2021లో తిరిగి తెరిచారు. ఇదంతా చూడటానికి రెండు రాత్రులు కావాలి. పగటి ట్రిప్‌గా వచ్చేవాళ్ళకు మార్కెట్, డిపార్ట్‌మెంట్ స్టోర్ తప్ప ఏమీ మిగలదు.

ఇక్కడ ఎవరు లేరు?

గోర్లిట్స్ నేర్పే మూడో ప్రశ్న ఇది, తూర్పు యూరప్‌లో అయితే మొదటి ప్రశ్న ఇదే కావాలి. పోలండ్‌లో జామోష్చ్ తీసుకోండి. యాన్ జామోయ్‌స్కీ అనే ప్రభువు కుర్రాడిగా ఇటలీలో పాదువాలో చదువుకున్నాడు, 1580లో అదే పాదువా నుంచి వచ్చిన బెర్నార్దో మొరాండో అనే వాస్తుశిల్పితో పొలాల మధ్య ఒక ఇటాలియన్ ఊరిని గీయించి కట్టించాడు. వర్తకం నడవాలని ఆర్మేనియన్లను, యూదులను, గ్రీకులను పిలిచి స్థలాలిచ్చాడు. పెద్ద మార్కెట్‌కి ఉత్తరం వైపు రంగురంగుల ఆర్మేనియన్ ఇళ్ళు ఉన్నాయి, వాటిలోనే మ్యూజియం. కానీ ఆర్మేనియన్లు ఇప్పుడు లేరు. 17వ శతాబ్దపు సినగాగ్ ఉంది, యుద్ధానికి ముందు ఊళ్ళో సుమారు 12 వేల మంది యూదులు ఉండేవాళ్ళు, వాళ్ళూ లేరు. సోషలిస్టు విప్లవకారిణి రోజా లక్సెంబర్గ్ పుట్టిన ఊరు కూడా ఇదే, 1871లో. 1942-43లో నాజీలు ఈ చుట్టుపక్కల నుంచి లక్షకు పైగా పోలిష్ జనాన్ని కూడా వెళ్ళగొట్టి జర్మన్లను దింపాలని చూశారు, ఊరి బయటి రొటుండా అనే గుండ్రటి కోట ఆ రోజుల స్మారకం. ముచ్చటైన మార్కెట్ ఫొటోలో ఇవేవీ పడవు.

పోలండ్‌లో, దాని చుట్టుపక్కల దేశాల్లో పాత ఇళ్ళ గుమ్మానికి కుడివైపు చట్రం మీద ఏటవాలుగా ఒక చిన్న గాడి కనిపిస్తుందేమో చూస్తుండండి. యూదులు గడపకు బిగించే, లేఖనాల చీటీ ఉండే మెజూజా అనే చిన్న డబ్బీ ఊడిపోగా మిగిలిన గుర్తు అది. రంగులు మళ్ళీ మళ్ళీ వేయడంతో చాలావరకు పూడిపోయాయి, అక్కడక్కడ మిగిలాయి.

పోర్చుగల్‌లో టోమార్‌కి వెళ్ళినవాళ్ళు కొండ మీది టెంప్లార్లనే యోధ సన్యాసుల మఠం చూడకుండా రారు, చూడాల్సిందే కూడా. 1160లో మొదలైన కోట, గుండ్రటి చర్చి, తర్వాత సముద్రయానాల డబ్బుతో చెక్కిన, తాళ్ళూ పగడాలూ అల్లుకున్న ఆ ప్రసిద్ధమైన కిటికీ. ఆ మఠం చూశాక కిందికి దిగి ఒక ఇరుకు సందులో ఉన్న చిన్న గదిలోకి వెళ్ళండి. 15వ శతాబ్దపు సినగాగ్ అది. 1496లో రాజు యూదులను దేశం విడిచిపొమ్మని ఆజ్ఞ ఇచ్చాక ఆ గది జైలైంది, క్రైస్తవ ప్రార్థనా గదైంది, సరుకుల గోదామైంది. 1923లో పోలండ్ నుంచి వచ్చిన శామ్యూల్ ష్వార్ట్స్ అనే యూదు ఇంజనీర్ దాన్ని కొని, తర్వాత మ్యూజియం కోసం ప్రభుత్వానికి ఇచ్చేశాడు. తలెత్తి మూలల్లో చూడండి, గోడలో బోర్లించిన మట్టి కుండల మూతులు కనిపిస్తాయి. మాట గదంతా వినిపించడానికి పెట్టారు. లోపల ఎవరూ లేకపోతే కొంచెం గట్టిగా ఏదైనా చదివి చూడండి.

అయితే కథలన్నీ ఇలా బరువుగా ఉండవు. మెఖెలెన్ వాళ్ళను ఇప్పటికీ చంద్రుణ్ణి ఆర్పినవాళ్ళని ఆటపట్టిస్తారు. 1687లో ఒక రాత్రి తాగి తూలుతూ వస్తున్న మనిషికి సెయింట్ రంబోల్డ్ చర్చి గోపురం ఎర్రగా కనిపించిందట, నిప్పంటుకుందని అరిచాడు, ఊరంతా బకెట్లతో మెట్లెక్కింది, సగం దాకా వెళ్ళాక తెలిసింది అది మంచులోంచి పడుతున్న వెన్నెల అని. ఇలాంటివి విన్నప్పుడు నిజమా అబద్ధమా అని తేల్చుకోవడం ముఖ్యమే, దానికంటే పక్క ఊరివాళ్ళు ఏమని వెక్కిరిస్తారో అడగడం సరదాగా ఉంటుంది. జామోష్చ్‌లో టౌన్ హాల్ మీంచి మధ్యాహ్నం ఊదే బాకా మూడు దిక్కులకే ఊదుతారు, అప్పటి రాజధాని క్రాకోవ్ వైపు మాత్రం ఊదరు, రాజుతో పడని జామోయ్‌స్కీ పెట్టిన ఆచారమని చెప్పుకుంటారు.

తాళాలు, టైమింగులు, మనుషులు

ఈ భాగం ఎవరికీ నచ్చదు కానీ ట్రిప్పులు చెడేది ఇక్కడే. సోమవారం చాలా దేశాల్లో మ్యూజియంలు మూత. ఇటలీ, స్పెయిన్‌లో చిన్న ఊళ్ళ చర్చిలు మధ్యాహ్నం మూసి మళ్ళీ సాయంత్రం తెరుస్తారు, కాబట్టి చర్చిలు పొద్దున పెట్టుకుని, గోడలూ వీధులూ మధ్యాహ్నానికి ఉంచుకోండి. చెక్ రిపబ్లిక్‌లో చాలా కోటలు చలికాలం తెరవరు. జర్మనీలో ఆదివారం దుకాణాలు ఉండవు, తినడానికి ఏదో ఒకటి శనివారమే కొనిపెట్టుకోండి. ఇటలీలో ప్రభుత్వ మ్యూజియంలకు నెలలో మొదటి ఆదివారం టికెట్ లేదు. అక్కడి చర్చిల్లో ఏదైనా బొమ్మ చీకట్లో ఉంటే చుట్టూ చూడండి, నాణెం వేస్తే కాసేపు లైటు వెలిగే పెట్టె ఉంటుంది, చిల్లర దగ్గర పెట్టుకోవాలి. ఇటలీలో రీజినల్ ట్రైన్ కాగితం టికెట్ కొంటే ఎక్కే ముందు ప్లాట్‌ఫాం దగ్గరి మెషిన్‌లో ముద్ర వేసుకోండి, లేకపోతే ఫైన్. అన్నిటికంటే ముందు, ఆఖరి బస్సు ఎప్పుడో దిగిన వెంటనే స్టాప్‌లో అంటించిన కాగితం ఫొటో తీసుకోండి. స్కూళ్ళకు సెలవులైతే చిన్న ఊళ్ళ బస్సులు సగం తగ్గిపోతాయి, యాప్‌లో ఆ సంగతి ఒక్కోసారి కనిపించదు.

తేదీలు మీ చేతిలో ఉంటే సెప్టెంబర్‌లో యూరోపియన్ హెరిటేజ్ డేస్ చూసుకుని వెళ్ళండి. ఫ్రాన్స్ 1984లో మొదలుపెట్టిన ఆలోచన ఇది, ఇప్పుడు ఖండమంతా ఉంది, ఫ్రాన్స్‌లో మూడో వారాంతం, జర్మనీలో రెండో ఆదివారం. మామూలు రోజుల్లో తాళం వేసి ఉండే టౌన్ హాల్ గదులు, ప్రైవేటు మేడలు, గోపురాలు, నేలమాళిగలు ఆ రోజు తెరుస్తారు, చూపించేది కూడా టికెట్ల అమ్మాయి కాదు, ఆ ఇంటాయనో రిటైరైన టీచరో అయి ఉంటారు.

మనుషులతో మాట్లాడటానికి పెద్ద నేర్పేమీ అక్కర్లేదు, ప్రశ్న చిన్నదిగా ఉండాలి. టూరిస్ట్ ఆఫీసులో ఇక్కడ చూడాల్సినవేమిటి అంటే చేతిలో బ్రోషర్ పెడతారు. ఆ చర్చి తలుపు మీద ఉన్న బొమ్మ ఎవరిది, ఆ మిల్లు ఎప్పుడు మూతపడింది అంటే ఫోన్ తీసి ఇంకొకరికి కొడతారు. పల్లె చర్చికి తాళం ఉంటే తలుపు మీద ఫోన్ నంబరో, తాళంచెవి ఎవరింట్లో ఉందో చెప్పే చీటీయో ఉందేమో వెతకండి, రొమేనియా పల్లెల్లో ఇది మామూలే. తెరిచి చూపించినవాళ్ళకు డబ్బు చేతిలో పెట్టడం కంటే చర్చి డబ్బాలో వేయడం మర్యాద. ప్రార్థన జరుగుతుంటే వెనక కూర్చోండి, కెమెరాతో తిరగొద్దు.

ఊళ్ళో మ్యూజియం ఎంత దుమ్ముగా కనిపించినా తప్పకుండా వెళ్ళండి, కానీ అనుమానంతో వెళ్ళండి. ఊరి మ్యూజియం ఊరికి నచ్చిన కథ చెబుతుంది. ఏ పదేళ్ళు గబగబా దాటేశారో గమనిస్తే చాలు. జర్మనీలోని క్వెడ్లిన్‌బుర్గ్‌లో రెండు వేలకు పైగా పాత చెక్క చట్రాల ఇళ్ళు ఉన్నాయి, 936 నుంచి 1803 దాకా అక్కడి మఠాన్ని ఆడవాళ్ళే ఏలారు, ఆ చర్చి ఖజానాలో ఉన్న మధ్యయుగపు వస్తువుల్లో కొన్నిటిని 1945లో ఒక అమెరికన్ సైనికాధికారి పోస్టులో టెక్సస్‌కి పంపించేసుకున్నాడు, చాలావరకు 1993లో తిరిగొచ్చాయి. అదే చర్చిని నాజీ రోజుల్లో నాజీల సాయుధ విభాగమైన ఎస్‌ఎస్ దళం స్వాధీనం చేసుకుని, జర్మన్ రాజు మొదటి హెన్రీ సమాధి చుట్టూ తన ఉత్సవాలు జరిపించింది. పోయిన నగలు తిరిగొచ్చిన కథ వినడానికి అందరికీ ఇష్టమే, రెండోదాని గురించి ఎంత చెబుతున్నారో, ఎక్కడ పెట్టి చెబుతున్నారో మీరే చూసుకోవాలి.

మొదటిసారి ఎక్కడ మొదలుపెట్టాలంటే, పెద్ద ఊరి పక్కనే ఉన్నది తీసుకోండి. బ్రసెల్స్ దాకా వెళ్తుంటే మెఖెలెన్ పాతిక నిమిషాల ట్రైన్, బెల్జియంలో మొదటి ప్యాసింజర్ రైలు 1835లో నడిచింది కూడా ఆ రెండు ఊళ్ళ మధ్యే. గోపురానికి ఐదు వందలకు పైగా మెట్లు. అక్కడి కజెర్న్ డోసిన్ అనే పాత సైనిక బారక్‌ల నుంచి 1942-44లో 25 వేలకు పైగా యూదులను, రోమా (జిప్సీ) జనాన్ని నాజీల మరణశిబిరం ఆష్విట్జ్ వైపు పంపించారు, దానికి సగం రోజు కేటాయించండి, ఆ తర్వాత ఇంకేమీ పెట్టుకోవద్దు. వేసవిలో అయితే సోమవారం రాత్రి ఉండిపోండి, ఆ సాయంత్రాల్లో గోపురంలోని గంటలతో కచేరీ ఉంటుంది. 1922 నుంచి ఆ గంటలు వాయించడం నేర్పే బడి ఉన్న ఊరు మరి. టోమార్ అయితే మామూలు రోజుల్లో లిస్బన్ నుంచి ట్రైన్‌లో రెండు గంటలు, గది దొరకడం కష్టమేం కాదు. కానీ ఆడవాళ్ళు తమంత ఎత్తు రొట్టెల గోపురాలు తలమీద మోసే ఊరేగింపు నాలుగేళ్ళకోసారే వస్తుంది, పోయినసారి 2023లో అయింది, 2027 జులైకి వెళ్ళాలనుకుంటే గది చాలా ముందే పట్టుకోండి.